ఆనవాలు

కాళిదాసు నాటకంలో శకుంతల దుష్యంతుని సభకు వచ్చిన ఘట్టం మనకందరకు పరిచితమైనదే. రాజు ఆమెను ఎరుగనన్నాడు. ఆమె ఆనవాలు చూపబోయి వేలు తడిమి చూచుకొన్నది, ఉంగరం లేదు. శచీతీర్థంలో నీటికి మ్రొక్కునప్పుడు జారిపోయి ఉండునని గౌతమి అన్నది. అప్పుడా పిల్ల చేసిన పని ఒకటి ఉన్నది. దానిని మనం సాధారణంగా త్వరత్వరగా దాటిపోతాము. చేత ఉంగరం లేదు గనుక ఆమె ఒక జ్ఞాపకాన్ని సాక్ష్యంగా పెట్టినది. ఒకనాడు రాజు తామరాకు దొన్నెతో నీరు పట్టగా లేడిపిల్ల దగ్గరకు రాలేదనీ, అవే నీళ్లు తాను పట్టగా త్రాగినదనీ, ఆనాడు రాజు నవ్వి ఏదో అన్నాడనీ చెప్పినది. రాజు విన్నాడు, ఆడువారి మాటలకేమి అని త్రోసిపుచ్చినాడు. ఆ మాట అబద్ధమని ఆయన నిరూపించలేదు సుమా! ఆయన అంగీకరించదలచిన సాక్ష్యాలలో అది లేదు, అంతే.

గుర్తు పట్టవలసినది ఉంగరాన్నా, మనిషినా? ఈ ప్రశ్న నాకు కావ్యం చదివిన రోజులలో కలుగలేదు. రేషను దుకాణం ముందు నిలబడినప్పుడు కలిగినది.

మా వీధిలో నాలుగిళ్లలో అంట్లు తోమి జీవించే వృద్ధురాలొకామె ఉన్నది. ఏనాటినుండియో బూడిదతో, తరువాత సబ్బుపొడితో, గిన్నెలు తోమి తోమి ఆమె వ్రేళ్లకొనలు నున్నని గులకరాళ్ల వలె అయినవి. ఒకనాడు ఆమె వెంట నేను దుకాణానికి పోవలసి వచ్చినది. డీలరు యంత్రం ముందుకు త్రోసినాడు. ఆమె బొటనవేలు పెట్టినది, పడలేదు. చూపుడు వేలు పెట్టినది, పడలేదు. కొంగుతో తుడుచుకొని, తలకు రాచుకొని, మరల పెట్టినది. యంత్రం ఎఱ్ఱదీపం చూపి ఊరుకొన్నది. "నేనే వచ్చాను గదయ్యా, నా వేలు రాలేదంటావేం?" అన్నది. ఆ డీలరు చెడ్డవాడు కాడు. ఆమెను ముప్పై ఏండ్లుగా ఎరిగినవాడు. "నువ్వెవరో నాకు తెలుసు పెద్దమ్మా, దీనికి తెలియాలి గదా!" అన్నాడు. మూడవనాడు ఎట్లో వేలు పడినది, బియ్యం వచ్చినవి. కాని ఆ డీలరు మాట నన్ను విడువలేదు. ఎరిగినవాడు ఎరుగనట్లు నడుచుకొనవలసిన స్థితి దుష్యంతునికి శాపంవల్ల వచ్చినది; ఇతనికి నిబంధనవల్ల వచ్చినది.

అట్లని ఆనవాలు అడుగుట అన్యాయమని నేను చెప్పబోవుట లేదు. రాజ్యమన్నది పుట్టిన నాటినుండియు అడుగుతూనే ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడను ఉద్యోగి కలడు. ఒక మాషం పుచ్చుకొని రాకపోకలకు ముద్ర ఇచ్చుట అతని పని. ముద్ర లేక పట్టుబడినవానికి 12 పణాలు దండుగ. గోపుడను మరొక ఉద్యోగి తన పాలనలోని కుటుంబాలను, వారి ఆదాయవ్యయాలను లెక్క వ్రాసి ఉంచవలెను. ఇంతకు ఆ శాస్త్రకర్త ఉద్దేశం ప్రజాక్షేమమా, కోశసంవర్ధనమా అని అడిగితే, రెండును అనియే సమాధానం వచ్చును. ఎన్నడును అట్లే వచ్చును.

మన కాలపు ముద్ర పేరు ఆధార్. 2009 జనవరిలో దానికొక ప్రాధికార సంస్థ ఏర్పడినది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా తెంభలీ అనే గిరిజన గ్రామంలో మొదటి సంఖ్య ఇచ్చినారు. పన్నెండు అంకెలు, వాటి వెనుక పది వ్రేళ్ల ముద్రలు, రెండు కనుపాపల చిత్రాలు, ఒక ముఖచిత్రం. నేటికి 130 కోట్లకు మించి సంఖ్యలు జారీ అయినవి. ప్రపంచంలో ఇంతమంది శరీరచిహ్నాలను ఒక్కచోట చేర్చిన పట్టిక మరొకటి లేదు.

దీనికి అనుకూలంగా చెప్పవలసినది చాలా ఉన్నది. దానిని నీళ్లు నమలకుండ చెప్పుట న్యాయం. పాలమూరు నుండి ముంబాయికి మట్టిపనికి పోయే కూలీ ఉన్నాడు. అతనికి జన్మపత్రిక లేదు, బడి సర్టిఫికెట్టు లేదు, అద్దె రసీదు లేదు. బ్యాంకువారు నీవెవరవన్నారు, గ్యాసువారు నీవెవరవన్నారు. మన మధ్యతరగతి వారికి ఒక్కొక్కరికి అరడజను పత్రాలుండును గనుక, పత్రం లేనివాని అవస్థ మనకు తెలియదు. అతనికి ఈ పన్నెండంకెలు మొదటిసారిగా ప్రభుత్వం ఎదుట ఒక ఉనికినిచ్చినవి. మరొకవంక చచ్చినవారి పేర, పుట్టనివారి పేర బోగస్ కార్డులు వ్రాయించి బియ్యం అమ్ముకొన్న డీలర్ల కథలు మన రెండు రాష్ట్రాలలోను తెలియని ఊరు లేదు. ఆ దొంగతనాన్ని అరికట్టదలచుట తప్పు కాదు.

తెలుగులో 'ఆధారం' అన్న మాట చిత్రమైనది. న్యాయస్థానంలో ఆధారమంటే సాక్ష్యం. ఇంటిలో ఆధారమంటే బ్రతుకుతెరువు. 'ఆమెకు ఏ ఆధారమూ లేదు' అంటే సాక్ష్యం లేదని తెలుగువాడెవ్వడును అనుకొనడు, కూడుగుడ్డలకు దిక్కులేదనుకొనును. ఈ పేరు పెట్టినవారు హిందీలో పునాది అన్న అర్థం తలచి ఉందురు. మన భాషలో మాత్రం అది ఈ వివాదమంతటిని ఒక్క మాటలో ఇముడ్చుకొన్నది. ఒక ఆధారం లేనందున మరొక ఆధారం పోవునా అన్నదే గదా ప్రశ్న.

పోయిన సందర్భాలున్నవి. 2017 సెప్టెంబరులో జార్ఖండ్ రాష్ట్రం సిమ్‌డేగా జిల్లాలో పదునొకండేండ్ల బాలిక చనిపోయినది. ఆధార్‌తో జతపడనందున ఇంటి రేషను కార్డు రద్దయినదనీ, కొన్ని దినాలుగా పొయ్యి రాజలేదనీ, పిల్ల అన్నం అన్నం అంటూ పోయినదనీ తల్లి చెప్పినది. మలేరియా వల్ల పోయినదని అధికారులు చెప్పినారు. వ్యాధి ఏదైనను, కార్డు రద్దయిన మాటను ఎవరును కాదనలేదు. ఎన్ని బోగస్ కార్డులు తొలగిన లాభం ఈ ఒక్క నష్టానికి సరితూగును? ఇటువంటి లెక్క వేయవచ్చునని నమ్మేవారున్నారు. నాకు ఆ త్రాసు పట్టుకొనుట చేతకాదు.

వేలిముద్ర సంగతి ఇంకొంచెం చెప్పవలె. హిందీలో చదువురానివానిని 'అంగూఠా ఛాప్' అంటారు. మనమును 'వేలిముద్రగాడు' అంటాము. రెండు భాషలలోను అది తిట్టు. అక్షరాస్యతా ఉద్యమాలలో సంతకం నేర్చుకొన్న ముసలివాండ్రు, ఇక నిశాని వేయనక్కరలేదని పండుగ చేసికొన్నారు. తరువాత ఇరువదేండ్లకు ప్రొఫెసరును, పాలేరును, న్యాయమూర్తిని ఒక్క వరుసలో నిలబెట్టి మరల బొటనవేలు అడిగినాము. ఇది సమానత్వమని ఒక మిత్రుడు నాతో వాదించినాడు. నిజమే కావచ్చును; కాని ఆ సమానత్వంలో ప్రొఫెసరు వేలు మొదటిసారికే పడును.

ఈ విద్య పుట్టినదే మన దేశంలో. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక గుత్తేదారుచేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించినాడు, రేపు కాదనకుండుటకై. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసినది. పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేర లోకం ఎరిగిన వర్గీకరణ పద్ధతి వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు భారతీయుల బుద్ధి ఉన్నది. అక్కడినుండి అది సముద్రాలు దాటి దక్షిణాఫ్రికాకు పోయినది. పోయి మన గాంధీగారికి ఎదురుపడినది.

1906 ఆగస్టులో ట్రాన్స్‌వాలు ప్రభుత్వం ఒక శాసనపు చిత్తు ప్రకటించినది. అక్కడి ప్రతి ఆసియావాసియు పేరు నమోదు చేయించుకొని, పది వ్రేళ్ల ముద్రలిచ్చి, పత్రం వెంట పెట్టుకొని తిరుగవలెను. పోలీసు అడిగిన చోటనెల్ల చూపవలెను. గాంధీగారు ఆ హెన్రీ గ్రంథం తెప్పించి చదివినారు. చట్టప్రకారం పది వ్రేళ్ల ముద్రలు నేరస్థులవద్దనే తీసికొనుట అందులో చూచినారు. సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గులోని ఎంపైర్ నాటకశాలలో భారతీయులు కూడి, జైలుకైనను పోదుము గాని లొంగమని ప్రమాణం చేసినారు. సత్యాగ్రహమన్న మాట ఇంకను పుట్టలేదు. వస్తువు మాత్రం ఆనాడు పుట్టినది. ఒక గుర్తింపు పత్రం మీద పుట్టినదన్న సంగతి మనం తరచు మరచిపోతున్నాము.

తరువాతి కథ ఇంకను ఆలోచింపదగినది. 1908 జనవరిలో జనరల్ స్మట్సుతో రాజీ కుదిరినది: భారతీయులు స్వచ్ఛందంగా నమోదైనచో నిర్బంధ శాసనం రద్దగునని గాంధీగారు నమ్మినారు. తామే ముందుగా పోయి పది వ్రేళ్ల ముద్రలిత్తుమన్నారు. మీర్ ఆలం అనే పఠాను నిలదీసినాడు: అవి దొంగలకే తగునని చెప్పినది మీరే గదా, ఇప్పుడేమైనది? గాంధీగారి సమాధానం యథార్థంగా సూక్ష్మమైనది. బలవంతాన ఇచ్చినప్పుడు ఏది అవమానమో, ఇష్టపూర్వకంగా ఇచ్చినప్పుడు అదే మర్యాద కాగలదన్నారు. ఫిబ్రవరి 10న నమోదు కార్యాలయానికి పోవుచుండగా ఆ పఠాను, అతని అనుచరులు దుడ్డుకర్రలతో కొట్టి పడవేసినారు. గాంధీగారు గాయాలతో మంచం మీదనుండియే అధికారిని పిలిపించి ముద్రలిచ్చినారు. శాసనం రద్దు కాలేదు. ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో పెద్ద ఇనుప భాండంలో పోగువేసి రెండువేలకు పైగా పత్రాలు కాల్చినారు.

ఆ పఠాను తర్కం మోటుదే. అయినను అతడడిగిన ప్రశ్న చిన్నది కాదు. స్వచ్ఛందమన్న మాటకు హామీ ఏమి? ఆధార్ కూడ స్వచ్ఛందమనియే మొదలైనది. అది లేదన్న కారణాన ఎవరికిని నష్టం కలుగరాదని సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరులో ఆదేశించినది. ఆ ఆదేశం ఉండగనే గ్యాసుకు, పింఛనుకు, పిల్లవాని ఉపకారవేతనానికి, ఒక్కొక్కదానికి దారాలు ముడివడినవి. 2016లో చట్టం వచ్చి సబ్సిడీలకు దానిని అవసరం చేసినది. బియ్యం కావలెనన్న కోరిక ఇష్టమే గనుక, బియ్యం కొరకు ఇచ్చిన వేలిముద్ర కూడ ఇష్టపూర్వకమే అని వాదించవచ్చును. గాంధీగారు ఆ వాదాన్ని ఒప్పుకొనియుండెదరని నేను అనుకొనను.

ఇక భద్రత మాట. 2018 మార్చిలో సుప్రీంకోర్టులో అటార్నీ జనరలుగారు, ఆ సమాచారమంతయు 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం గల గోడల వెనుక భద్రంగా ఉన్నదని మనవి చేసినారు. ఓరుగల్లు కోటను ముట్టడించిన సైన్యాలకైతే అది గట్టి జవాబే. కాని సమాచారం గోడలు దూకి పోదు. తలుపు తీసి, పని మీద బయటికి పోయి, తిరుగుచుండును. 2017లో జార్ఖండ్ ప్రభుత్వపు వెబ్‌సైటులో పదిలక్షలకు మించిన పింఛనుదారుల సంఖ్యలు బహిరంగంగా కనబడినవి. ఆ సంవత్సరం మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వారు నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను పరిశీలించి, వాటినుండి 13 కోట్లకు పైగా సంఖ్యలు బయటపడి ఉండవచ్చునని ప్రకటించినారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఒకటి ఉపాధి హామీ కూలి చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమాది. దొంగలెవరును రాలేదు. పారదర్శకత కొరకు, పని చక్కగా జరుగుచున్నదని చూపుట కొరకు, ఉద్యోగులే పట్టికలు ప్రదర్శించినారు. చెడుతలంపు లేకుండ జరిగిన హానికి మన నీతిశాస్త్రంలో సరియైన పేరు ఇంకను లేదు.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో పట్టుబడిన సిమ్ కార్డుల వ్యాపారి కథ ఇంకను విచిత్రం. అతడు భూముల రిజిస్ట్రేషను దస్తావేజులను ప్రభుత్వపు వెబ్‌సైటు నుండి దింపుకొని, వాటిమీది వేలిముద్రలను రబ్బరు ముద్రల వలె పోతపోసి, వాటితో వేలకొద్ది సిమ్ కార్డులు చెలామణీ చేసినాడు. ఆ ముద్రల యజమానులెవరును ఆధార్ గోడల దరిదాపులకు పోలేదు. ఎన్నడో ఒక ఎకరం అమ్మినారు, లేదా కొన్నారు. తాళంచెవి పోయిన తాళం మార్చవచ్చును. వేలు పోయినదంటే, అది చేతికే ఉండగా పోయినదంటే, ఏమి మార్చవలెను?

అదే సంవత్సరం జనవరిలో ట్రిబ్యూన్ పత్రిక విలేఖరి ఒకరు, 500 రూపాయలిచ్చి పది నిమిషాలలో ఆ పట్టికలోని పేర్లు, చిరునామాలు చూడగల ప్రవేశం సంపాదించితినని వ్రాసినారు. శరీరచిహ్నాలు భద్రమేనని సంస్థవారన్నారు. పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఆ విలేఖరి పేరు కూడ చేరినది. ఇక్కడ నాకు మరల కాళిదాసే జ్ఞాపకం వచ్చినాడు. పోయిన ఉంగరం చేప కడుపులో దొరికిన జాలరిని భటులు పెడరెక్కలు విరిచికట్టి కొట్టుకొంటూ తీసికొనిపోయినారు గదా! ఉంగరం ఎట్లు పోయినదని రాజభటులెవరును అడుగలేదు. నీకెట్లు దొరికినదనియే అడిగినారు. దుష్యంతుడు ఆ విషయంలో మెరుగు. ఉంగరం విలువకు సరియైన ధనం జాలరికిచ్చి పంపినాడు.

'దాచుకొనవలసినది లేనివానికి భయమేల?' అని చాలమంది పెద్దలు అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు బలమిచ్చినది కొంతవరకు మన అనువాదకులమేనని నా అనుమానం. హిందీలో ఈ హక్కును 'నిజతా' అంటారు. నిజ అంటే తనది. తనదైనది తన వద్ద ఉండుట నిజత. సంస్కృతంలోని ఆ మాటే తెలుగులోనికి వచ్చి 'నిజం' అయి, సత్యమన్న అర్థం పొందినది. కాబట్టి 'నిజత' అంటే మనకు బోధపడదు. పత్రికలవారు 'గోప్యత' అన్నారు. నేనును ఒక వ్యాసం తెనిగించినప్పుడు ఆ మాటే వాడినాను, మరొకటి తోచక. కాని గోప్యమంటే దాచినది. దాచుట అన్నంతనే దొంగ స్ఫురించును. ఇంటికి తలుపు ఉండుట లోపల దొంగసొత్తు ఉన్నదని కాదు. ఆ ఇల్లు మనదని. కూతురి జబ్బు, కొడుకు అప్పు, తాను ప్రార్థించే దేవుడు, ఓటు వేసిన గుర్తు, వీనిలో సిగ్గుపడవలసినదేదియు లేకపోవచ్చును. అయినను వానిని ఎవరికి, ఎప్పుడు చెప్పవలెనో నిర్ణయించేవాడు తాను కాకపోయిన, మనిషి తన ఇంటిలో తాను అద్దెకున్నవాడగును.

రాజ్యాంగంలో ఈ హక్కు ఉన్నదా అన్న ప్రశ్నయే చిరకాలం తేలలేదు. 1954, 1962 సంవత్సరాల తీర్పులను చూపి లేదని ప్రభుత్వం వాదించినది. 2012లో ఎనభై దాటిన వయస్సులో విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు వేసిన దావా మూలాన, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, అది జీవించే హక్కులోనే ఇమిడియున్నదని తీర్పు చెప్పినారు. మరుసటి యేట సెప్టెంబరు 26న అయిదుగురిలో నలుగురు ఆధార్ చట్టాన్ని నిలబెట్టినారు. సబ్సిడీలకు, ఆదాయపు పన్నుకు ఉండవచ్చునన్నారు, బ్యాంకు ఖాతాలకు, ఫోనులకు నిర్బంధించరాదన్నారు. అయిదవవారు, చంద్రచూడ్‌గారు, చట్టం మొత్తమే రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకొక చట్టం వచ్చినది. అందులో కేంద్రం తన సంస్థలలో దేనినైనను, దేశభద్రత మొదలగు కారణాలు చూపి, ఆ చట్టం నుండి మినహాయించుకొనవచ్చును. తలుపుకు గడియ పెట్టి, తాళంచెవి ఎవరినుండి రక్షణ కోరినామో వారిచేతికే ఇచ్చినట్లున్నది ఈ భాగం.

ఇది అతిశంక అనేవారికి ఒక్క ఊరి మాట చెప్పెదను. నెదర్లాండ్స్ దేశంలో ప్రతి పౌరునికి ఒక కార్డు ఉండేది. సాధారణ పరిపాలన కొరకు శ్రద్ధగా వ్రాసినది, మతంతో సహా. వ్రాసిన గుమాస్తాలకు ఎవరిమీదను ద్వేషం లేదు. 1940లో జర్మనులు దేశాన్ని ఆక్రమించినప్పుడు యూదులను వెదకుటకు వారు శ్రమపడనక్కరలేకపోయినది. పట్టిక సిద్ధంగా ఉన్నది. 1943 మార్చి 27 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆ కార్యాలయానికి కొందరు దేశభక్తులు నిప్పు పెట్టినారు. వారిలో పన్నెండుగురిని కాల్చి చంపినారు. కార్డులలో అధికభాగం కాలకనే మిగిలినది. పట్టికకు దానిని వ్రాసినవాని మనస్సు తెలియదు. మన ఆధార్ నమోదులో కులమతాలు అడుగరు, చట్టమే అడుగరాదన్నది; ఇది మెచ్చుకొనదగినది. కాని 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ శాఖ వెబ్‌సైటులో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, వారి కులం, మతం, బ్యాంకు ఖాతాలతో సహా కనబడినవి. ఒకచోట అడుగనిది మరొకచోట అడిగి, రెండింటిని ఒకే అంకెతో కుట్టవచ్చును గదా.

శాకుంతలం చివరి అంకంలో ఒక చిన్న సంగతి ఉన్నది. అంతా సుఖాంతమైన తరువాత దుష్యంతుడు ఆ ఉంగరాన్ని మరల శకుంతల వేలికి తొడుగబోవును. ఆమె వలదనును. ఆ నగమీద తనకు నమ్మకం లేదనీ, దానిని ఆయననే ధరించుమనీ చెప్పును. వ్యాఖ్యాతలు దీనిని ప్రణయచాతుర్యంగా తీసికొందురు. నాకు మాత్రం అందులో ఒక రాజనీతి కనబడుచున్నది: మరచినది నీవు, కనుక గురుతు నీవద్దనే ఉండవలె, జ్ఞాపకముంచుకొనే భారం నీది, నిరూపించే భారం నాది కాదు.

పెద్దపల్లి వార్త చదివిననాడు మా తండ్రిగారు కొన్న ఇంటిస్థలం దస్తావేజు ట్రంకుపెట్టెలోనుండి తీసి చూచినాను. ఆయన సంతకం ప్రక్కన ఎడమచేతి బొటనవేలి ముద్ర ఉన్నది, కొంచెం అలుకుకొనిపోయి. ఆయన పోయి చాల ఏండ్లయినది. దీని ప్రతి ఒకటి రిజిస్ట్రారు కార్యాలయంలో ఉండును. ఇప్పుడది కంప్యూటరులోనికి ఎక్కియుండును. అంట్లు తోమే ఆ ముసలామె ఆ సమయానికి గదిలోనికి వచ్చి, ఏమిటయ్యా అది అని అడిగినది. చెప్పినాను. దగ్గరకు వచ్చి వంగి చూచి, "అయ్యగారి వేలు ఎంత బాగా పడిందో!" అన్నది.